తల తిప్పిన 20 మిల్లీసెకన్లలో: వీఆర్ ఈసారి ఎందుకు నిలబడింది

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒకటి: వర్చువల్ రియాలిటీ (వీఆర్, అంటే కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ గీసిన ప్రపంచాన్ని చూడటం) 1990ల్లో ఒకసారి ఆర్భాటంగా వచ్చి చప్పబడిపోయింది కదా, 2012 తర్వాత మళ్లీ లేవడానికి ఏ టెక్నాలజీ మారింది? రెండోది: ఇంత మారినా, స్టిక్ తోసి పరిగెత్తే ఆట ఆడితే నాకు పది నిమిషాలకే కడుపులో తిప్పేస్తోంది, కళ్లు లాగుతున్నాయి, ఎందుకు? రెండూ మెదడుని నమ్మించే పనికి సంబంధించినవే కాబట్టి కలిపే రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా హెడ్‌సెట్‌లకి ట్రాకింగ్ (తల కదలికని పట్టుకోవడం), రెండరింగ్ (బొమ్మ గీయడం) సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాను. నా చూపు కాస్త అటువైపే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

సాధారణంగా వినపడే జవాబు "గ్రాఫిక్స్ బాగుపడ్డాయి" అని. అక్కడే పప్పులో కాలేస్తారు. వీఆర్‌లో మొదటి పరీక్ష బొమ్మ అందానికి కాదు, టైమింగ్‌కి. ఉత్త గీతలతో గీసిన గదైనా సరే, మీరు తల తిప్పినప్పుడు ఆ గోడలు ఉన్నచోటే ఉంటే మెదడు దాన్ని గదిగా ఒప్పేసుకుంటుంది. అచ్చం ఫొటోలా ఉన్న గదైనా, తల వెనకాల ఈడ్చుకుంటూ వస్తే మెదడు ఒప్పుకోదు. కడుపు అసలే ఒప్పుకోదు.

ఆలోచన చాలా పాతది. రెండు కళ్లకి కాస్త తేడాతో రెండు బొమ్మలు చూపిస్తే లోతు కనిపిస్తుందని చార్లెస్ వీట్‌స్టోన్ 1838లోనే స్టీరియోస్కోప్‌తో చూపించాడు. తలకి తగిలించుకుని, తల కదిలితే బొమ్మ కూడా మారే యంత్రాన్ని ఐవాన్ సదర్లాండ్ 1968లో చేశాడు. అందులో పాత టీవీల్లో ఉండే రకం రెండు చిన్న సీఆర్‌టీ గొట్టాలు. తల ఎటు తిరిగిందో కొలవడానికి పైకప్పు నుంచి వేలాడే ఒక ఇనుప చెయ్యి, అది వచ్చి హెల్మెట్‌కి తగులుకునేది. నెత్తిమీద కత్తి వేలాడుతున్నట్టు ఉండేదని దానికి 'డామొక్లిస్ కత్తి' అని పేరు పడింది. కనిపించేది గాల్లో తేలే గీతల బొమ్మలు, అంతే. కానీ మనం ఇవాళ చేస్తున్న పని మొత్తం నమూనాగా అందులో ఉంది: తలని కొలువు, బొమ్మని తిరిగి గీయి, కంటి ముందు పెట్టు.

1980ల్లో జారన్ లానియర్ కంపెనీ వీపీఎల్ రీసెర్చ్ హెడ్‌సెట్‌లూ, వేళ్ల కదలికని చదివే గ్లవ్స్ కూడా అమ్మింది. 'వర్చువల్ రియాలిటీ' అన్న మాట జనంలోకి వెళ్లింది ఆయన వల్లే. 1991లో వర్చువాలిటీ అనే కంపెనీ ఆర్కేడ్‌లలో వీఆర్ మెషీన్లు పెట్టింది. 1993లో ఆటల కంపెనీ సేగా ఒక హెడ్‌సెట్ చూపించింది, అది మార్కెట్‌కి రాకుండానే ఆగిపోయింది. 1995లో నింటెండో వర్చువల్ బాయ్ తెచ్చింది. అన్నీ ఎరుపు రంగు బొమ్మలే, తల కదలికని పట్టుకోవడం అసలు లేదు, టేబుల్ మీద పెట్టి వంగి చూడాలి. ఏడాది తిరిగేసరికి దుకాణం సర్దేసింది. మన లెక్క ప్రకారం అది వీఆర్ కిందకే రాదు, కానీ 'వీఆర్ అంటే తలనొప్పి' అనే చెడ్డపేరు మాత్రం బాగా మోసింది.

ఆ రోజుల్లో లేనిది తెలివితేటలు కాదు, సరుకు. కంటి ముందు పెట్టుకునేంత చిన్న స్క్రీన్లు ఉంటే బరువుగా ఉండేవి, లేదంటే మసకగా ఉండేవి. తలని కొలవడానికి అయస్కాంత క్షేత్రం వాడే ట్రాకర్లు ఉండేవి. చుట్టుపక్కల ఇనుము ఉంటే వాటి లెక్క తప్పేది. కంప్యూటర్లు సెకనుకి పది ఇరవై ఫ్రేములు గీయడానికే ఆయాసపడేవి. వీటిలో ఒకటి బాగుపడితే సరిపోదు. వీఆర్ గొలుసు లాంటిది, ఏ ఒక్క లింకు నెమ్మదించినా మొత్తం నెమ్మదిస్తుంది.

ఆ గొలుసుని తెలియకుండానే బాగుచేసినవాళ్లు ఫోన్ల తయారీదార్లు. ఇది నా అభిప్రాయం కాదు, హెడ్‌సెట్ విప్పి చూస్తే కనిపించే నిజం. 2007 తర్వాత ఐదారేళ్లలో కోట్లాది ఫోన్ల కోసం దట్టమైన పిక్సెల్స్ ఉన్న చిన్న స్క్రీన్లు, గోరంత మోషన్ సెన్సర్లు, తక్కువ కరెంటుతో నడిచే గ్రాఫిక్ చిప్‌లు గుట్టలుగా తయారయ్యాయి, చవగ్గా దొరికాయి. 2012లో ఓకులస్ కంపెనీ పెట్టిన పామర్ లకీ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ నమూనా తెచ్చినప్పుడు ముడిసరుకు అంతా వడ్డించిన విస్తరిలా ముందుంది. ఆ ఏడాది ఆటల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఈ3 అనే ఆటల ప్రదర్శనలో టేపు చుట్టిన ఆ నమూనాలో డూమ్ 3 ఆట నడిపి చూపించాడు. ఆగస్టులో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనాన్ని డబ్బు అడిగితే 24 లక్షల డాలర్లకి పైగా వచ్చింది. 2014 మార్చిలో ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఆటలు రాసేవాళ్ల కోసం ఓకులస్ అమ్మిన రెండో డెవలపర్ కిట్ డీకే2 విప్పినవాళ్లకి లోపల సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 3 ముందు ప్యానెలే కనిపించింది. ఫోన్ స్క్రీన్‌ని అడ్డంగా తిప్పి, మధ్యలో గీత గీసి, ఎడమ సగం ఒక కంటికి, కుడి సగం ఇంకో కంటికి.

లకీ వేసిన అసలు ఎత్తు లెన్సుల దగ్గర ఉంది. అంతకుముందు వెడల్పాటి దృశ్యం కావాలంటే అనేక గాజు ముక్కలు పేర్చిన ఖరీదైన, బరువైన లెన్సులు వాడేవాళ్లు. ఎందుకంటే ఒక్క లెన్సుతో పెద్దగా చూపిస్తే అంచుల దగ్గర బొమ్మ వంకరపోతుంది. రిఫ్ట్‌లో ఆ వంకరని అలాగే వదిలేశారు. లెన్స్ బొమ్మని బయటికి లాగుతుంది కాబట్టి, జీపీయూ (గ్రాఫిక్ చిప్) ముందుగానే దాన్ని పీపాలా ఉబ్బినట్టు, అంచులు లోపలికి వంచి స్క్రీన్ మీద వేస్తుంది. రెండు వంకరలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కంటికి సూటి గీత కనిపిస్తుంది. లెన్స్ ఎరుపునీ నీలాన్నీ వేర్వేరుగా వంచుతుంది, దాన్ని కూడా రంగు రంగుకీ వేరే లెక్కతో సరిచేయొచ్చు. గాజు చేయాల్సిన పనిని కోడ్‌కి అప్పగించారు. దాంతో ఒకటి రెండు చవక లెన్సులతో 90 డిగ్రీలు దాటిన దృశ్యం దొరికింది. సదర్లాండ్ యంత్రంలో అది 40 డిగ్రీలే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు హెడ్‌సెట్ పెట్టుకుని తల ఎడమకి తిప్పారు అనుకోండి. ఆ క్షణం నుంచి దానికి తగ్గ వెలుగు మీ కంట్లో పడేదాకా పట్టే సమయాన్ని మోషన్-టు-ఫోటాన్ లేటెన్సీ అంటాం. ఇది 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లందరూ పెట్టుకున్న గీత. ఎందుకంత పట్టుదల? తల మామూలుగా తిప్పినా సెకనుకి 100 డిగ్రీలు సులువుగా తిరుగుతుంది. 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ప్రపంచం 5 డిగ్రీలు వెనకబడుతుంది. చేయి చాచి బొటనవేలు చూస్తే దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. అంటే ఎదురుగా ఉన్న గోడ రెండున్నర బొటనవేళ్లు పక్కకి జారి, తల ఆగాక మళ్లీ చోటికి వచ్చినట్టు ఉంటుంది. చెవి లోపల ఉన్న బ్యాలెన్స్ అవయవం తల తిరుగుడుని పసిగట్టి దాదాపు 10 మిల్లీసెకన్లలోపే కళ్లని ఎదురు దిక్కుకి తిప్పేస్తుంది, నడుస్తూ కూడా బోర్డు చదవగలిగేది అందుకే. అంత చురుకైన కాపలాదారుడి కళ్లు గప్పాలి మనం.

మొదటి అంగ: కొలవడం. ఇక్కడ పనిచేసేవి ఫోన్‌లో ఉన్న జాతి సెన్సర్లే, తిరుగుడుని కొలిచే మెమ్స్ గైరోస్కోప్, త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్. గైరోలో ఉండేవి సిలికాన్ మీద చెక్కిన అతి సన్నటి కంపించే భాగాలు, తిరిగినప్పుడు వాటి కంపనం పక్కకి మళ్లుతుంది, ఆ మళ్లడాన్ని కొలుస్తారు. మొదటి డెవలపర్ కిట్ డీకే1 సెకనుకి 1000 సార్లు కొలిచేది. గైరో చాలా వేగం, కానీ నెమ్మదిగా పక్కకి జారుతూ ఉంటుంది, డ్రిఫ్ట్ అంటాం. భూమి ఆకర్షణ ఎటు ఉందో యాక్సెలరోమీటర్ చెబుతుంది కాబట్టి తల వంపుల్లో ఆ జారుడుని సరిదిద్దొచ్చు. ఎడమ కుడి తిరుగుడుకి మాత్రం గురుత్వాకర్షణ సాయం చేయదు, అక్కడ అయస్కాంత దిక్సూచో, కెమెరానో కావాలి. వీటన్నిటినీ కలిపి ఒక నమ్మదగ్గ జవాబు తీయడమే సెన్సర్ ఫ్యూజన్.

రెండో అంగ: జోస్యం. నిజంగానే. ఫ్రేమ్ గీయడం మొదలుపెట్టినప్పుడు తల ఎక్కడుందో కాదు, ఆ ఫ్రేమ్ వెలిగేటప్పుడు తల ఎక్కడ ఉండబోతోందో లెక్కగట్టి దానికి గీస్తాం. మనిషి తలకి బరువుంది, ఒక్కసారిగా దిశ మార్చుకోలేదు. అందుకే 20 మిల్లీసెకన్ల ముందుకి జోస్యం చెప్పడం తేలిక. 100 మిల్లీసెకన్ల ముందుకి చెప్పబోతే పరువు పోతుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి. ఒకసారి మా టీమ్ చేసిన డెమోలో ఎవరు కూర్చున్నా ఐదు నిమిషాలకే మొహం తెల్లబోయేది. కొలిచి చూస్తే సగటు లేటెన్సీ బాగానే ఉంది. తల కదపకపోతే గది కూడా నిశ్చలంగా ఉండేది. మెల్లగా తిప్పితే మాత్రం నీళ్లలో నీడలా సన్నగా వణికేది, అది కూడా ఫలానా చోట అని చూపించలేనంత సన్నగా. రెండు వారాలు రెండరింగ్‌లో వెతికాం. తప్పు అక్కడ లేదు. సెన్సర్ కొలిచిన టైమ్‌ని చిప్ దగ్గర కాకుండా, ఆ డేటా యూఎస్‌బీ గుండా కంప్యూటర్‌కి చేరాక వేస్తున్నాం. చేరే టైమ్ ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి నాలుగు మిల్లీసెకన్లు తేడా. జోస్యం చెప్పే లెక్కకి తప్పుడు జన్మ సమయం ఇస్తున్నామన్నమాట, జాతకం ఎలా కుదురుతుంది? టైమ్‌స్టాంప్ చిప్‌లోనే వేసేలా మార్చాం, వణుకు పోయింది. సగటుని చూసి మురిసిపోకూడదని ఆ రోజు బుర్రకెక్కింది. నిలకడగా ఉండే 20 కంటే 10కీ 20కీ మధ్య ఊగేది మనిషిని ఎక్కువ బాధపెడుతుంది.

మూడో అంగ: గీయడం. మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద సెకనుకి 60 ఫ్రేములంటే సుమారు 12.4 కోట్ల పిక్సెల్స్. 2016లో అమ్మకానికి వచ్చిన రిఫ్ట్, దాని పోటీ హెడ్‌సెట్ వైవ్ రెండింటివీ రెండు కళ్లకీ కలిపి 2160×1200 పిక్సెల్స్, సెకనుకి 90 సార్లు. అంటే 23.3 కోట్లు. లెన్స్ వంకర కోసం బొమ్మని కాస్త పెద్దగా గీసి వంచాలి కాబట్టి అసలు పని 40 కోట్లు దాటుతుంది. పైగా మామూలు ఆటలో ఒక ఫ్రేమ్ తప్పిపోతే ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ తప్పితే ప్రపంచం కుదుపు తింటుంది. ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది 11.1 మిల్లీసెకన్లు, గడువు పొడిగింపు లేదు. జీపీయూలు ఈ స్థాయికి రావడం వెనక రెండు దశాబ్దాల పీసీ ఆటల పోటీ ఉంది.

అయినా ఒక్కోసారి గడువు తప్పుతుంది. అప్పుడు ఆదుకునేదే టైమ్‌వార్ప్. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంతకంటే అందమైన ఉపాయం లేదు. ఫ్రేమ్ గీయడం పూర్తయ్యాక, స్క్రీన్ మీదకి పంపే ఆఖరి క్షణంలో సెన్సర్‌ని మళ్లీ ఒకసారి అడుగుతాం: తల ఇప్పుడెక్కడుంది? గీసినప్పుడు అనుకున్నదానికీ ఇప్పటికీ ఉన్న చిన్న తేడా మేరకి బొమ్మ మొత్తాన్ని తిప్పి పంపిస్తాం. కొత్తగా గీయడం లేదు కాబట్టి ఇది ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. కొత్త ఫ్రేమ్ అసలు రాకపోతే పాతదాన్నే తిప్పి చూపిస్తాం. దూరాన ఉన్న వస్తువులకి ఇది అతికినట్టు సరిపోతుంది. తల పక్కకి జరిగితే మాత్రం దగ్గరి వస్తువులు తప్పు చోట ఉంటాయి, దానికి వేరే తంటాలు తర్వాత వచ్చాయి. ఫోన్‌ని హెడ్‌సెట్‌లో పెట్టుకునే గేర్ వీఆర్ అంత తక్కువ శక్తితో నడవగలిగిందంటే చాలావరకు ఈ పద్ధతి చలవే.

నాలుగో అంగ: వెలిగించడం. డీకే1లో బోలెడుమందిని ముంచింది ఇదే. దాని ఎల్‌సీడీ స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 ఫ్రేములు, ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లపాటు వెలుగుతూనే ఉంటుంది. మీ తల తిరుగుతోంది, కళ్లు ఎదురుగా ఉన్న వస్తువునే పట్టుకుని ఉన్నాయి, కానీ స్క్రీన్ తలతో పాటు తిరుగుతోంది, బొమ్మేమో ఆ 16.7 మిల్లీసెకన్లూ స్క్రీన్‌కి అతుక్కుని ఉంది. సెకనుకి 100 డిగ్రీల వేగంతో ఆ కాస్తలో 1.7 డిగ్రీలు అలుక్కుపోతుంది. డిగ్రీకి పది పిక్సెల్స్ ఉన్నాయనుకుంటే పదిహేడు పిక్సెల్స్ వెడల్పున మసక. లేటెన్సీ సున్నా చేసినా ఈ మసక పోదు, దానికి మందు వేరే.

మందు వినడానికి వింతగా ఉంటుంది: స్క్రీన్‌ని ఎక్కువసేపు ఆర్పేసి ఉంచడం. ఫ్రేమ్‌ని రెండు మిల్లీసెకన్లు మాత్రమే మెరిపించి, మిగతా కాలం చీకటి. అప్పుడు అలుకు రెండు పిక్సెల్స్‌కి తగ్గుతుంది. దీన్నే లో పెర్సిస్టెన్స్ అంటారు. వాల్వ్ అనే ఆటల కంపెనీలో మైఖేల్ అబ్రాష్ బృందం దీని అవసరాన్ని గట్టిగా నిరూపించింది, డీకే2 నుంచి అది హెడ్‌సెట్‌లలో భాగమైపోయింది. ఓలెడ్ స్క్రీన్‌లో ప్రతి పిక్సెలూ తానే వెలుగుతుంది, మైక్రోసెకన్లలో వెలిగి ఆరుతుంది కాబట్టి అప్పట్లో ఓలెడ్ తప్ప దారి లేదు. (తమాషా ఏమిటంటే పాత సీఆర్‌టీలకి ఈ గుణం పుట్టుకతోనే ఉంది. ఎలక్ట్రాన్ తగిలిన చుక్క మెరిసి వెంటనే ఆరిపోయేది. పలచటి స్క్రీన్ల కోసం దాన్ని పోగొట్టుకుని, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వెతుక్కున్నాం.) తర్వాత ఎల్‌సీడీ కూడా దారికొచ్చింది: లిక్విడ్ క్రిస్టల్స్ కుదురుకునేదాకా వెనక లైటు ఆర్పి ఉంచి, కుదురుకున్నాక ఒక్క మెరుపు. 2020 నాటి ఓకులస్ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 ఇలాగే పనిచేస్తుంది. కాసేపే వెలిగితే ఆరి వెలగడం కంటికి తెలియకూడదు కదా, అందుకే రిఫ్రెష్ రేటు (సెకనుకి స్క్రీన్ మారే సార్లు) 90కి, 120కి పెరిగింది. చూశారా, ఒకదాన్ని సరిచేస్తే అది ఇంకోదాన్ని ఎలా లాక్కొస్తుందో.

ఇప్పటిదాకా తల తిప్పడమే. తల జరిగితే? ముందుకి వంగి టేబుల్ కింద చూస్తే? డీకే1 ఆ కదలికని పట్టేది కాదు. మీరు వంగితే ప్రపంచమూ మీతో వంగేది. యాక్సెలరోమీటర్ ఉంది కదా, దాన్నుంచి దూరం లెక్కగడితే పోలేదా అని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. త్వరణం నుంచి దూరానికి వెళ్లాలంటే రెండుసార్లు కూడాలి, తప్పు కాలం వర్గంతో పెరుగుతుంది. సెన్సర్ చెప్పే త్వరణంలో సెకను వర్గానికి 0.01 మీటరు అంత చిన్న తప్పు ఉందనుకోండి. ఒక సెకనుకి అర సెంటీమీటర్. పది సెకన్లకి అర మీటరు. నిమిషం కూర్చుంటే మీరు 18 మీటర్ల అవతల ఉన్నారని చెబుతుంది. గోరంత తప్పు నిజంగానే కొండంత అవుతుంది. కాబట్టి బయటి ప్రపంచాన్ని చూసి సరిచూసుకునే కన్ను ఒకటి ఉండాలి.

దానికి మూడు దారులు వచ్చాయి. ఓకులస్ వాళ్లు హెడ్‌సెట్ మీద కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టి ఎదురుగా కెమెరా పెట్టారు. వాల్వ్, హెచ్‌టీసీ కలిసి తెచ్చిన వైవ్‌లో దీనికి తలకిందులు: గది మూలల్లో రెండు పెట్టెలు లేజర్‌తో గదిని ఊడ్చేస్తుంటాయి, హెడ్‌సెట్ మీద వెలుతురు పసిగట్టే బొట్లుంటాయి. ముందు ఒక మెరుపు, తర్వాత తిరిగే లేజర్ గీత. మెరుపుకీ గీత తగలడానికీ మధ్య ఎంత సమయం గడిచిందో చూస్తే కోణం తెలిసిపోతుంది. లేజర్ సెకనుకి 60 సార్లు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీ అంటే సుమారు 46 మైక్రోసెకన్లు. అంటే కోణాన్ని గడియారంతో కొలుస్తున్నారు. కెమెరా లేదు, బొమ్మల విశ్లేషణ లేదు. మొదటిసారి దీని పని తీరు చదివినప్పుడు ఇంత సింపులా అనిపించింది నాకు.

కానీ గెలిచింది మూడో దారి, హెడ్‌సెట్ మీదే కెమెరాలు పెట్టి అది తన చుట్టూ ఉన్న గదిని చూసి తానెక్కడుందో తెలుసుకోవడం. చీకట్లో కొత్త ఇంట్లో తడుముకుంటూ నడిచే మనిషి ఒకపక్క గది పటం మనసులో గీసుకుంటూ, ఇంకోపక్క ఆ పటంలో తానెక్కడున్నాడో అంచనా వేస్తాడు చూడండి, అదే పని. రోబోలవాళ్లు దీన్ని స్లామ్ అంటారు. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ క్లైన్, డేవిడ్ ముర్రే చేసిన పీటామ్ అనే పద్ధతి ఇందులో మలుపు. తానెక్కడున్నానో చూసుకోవడం ప్రతి ఫ్రేమ్‌కీ జరగాలి, పటం గీయడం మాత్రం పక్కన నింపాదిగా సాగొచ్చు అని రెండు పనుల్నీ విడదీశారు. ఆ విడదీత వల్లే మామూలు కంప్యూటర్‌కి కూడా అది అలవికి వచ్చింది. ఇక హెడ్‌సెట్‌లో కెమెరా నెమ్మదిగా నిజం చెబుతుంది, గైరో వేగంగా అంచనా చెబుతుంది, రెండూ కలిస్తే వేగమూ నిజమూ దక్కుతాయి.

2019 మేలో ఓకులస్ క్వెస్ట్ వచ్చింది. నాలుగు కెమెరాలు, ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ 835 చిప్, పీసీ లేదు, వైరు లేదు, మూలల్లో పెట్టెలు లేవు. నన్నడిగితే వీఆర్ ప్రయోగశాల వస్తువు నుంచి ఇంటి వస్తువు అయింది అప్పుడే, 2012లోనో 2016లోనో కాదు. వైరు మెడకి చుట్టుకుంటుందేమో అన్న ధ్యాస ఉన్నంతవరకు మనిషి పూర్తిగా లోపలికి వెళ్లడు. బ్యాటరీ మీద నడిచే చిప్ అంత పని లాగడానికి ఒక కిటుకుంది: మీరు దృశ్యం అంచుల్ని లెన్స్‌లో ఎలాగూ మసకగానే చూస్తారు, అందుకని అక్కడ తక్కువ పిక్సెల్స్ గీస్తారు. కన్ను ఎటు చూస్తోందో కూడా తెలిస్తే ఇంకా మిగులుతుంది, ఎందుకంటే కంటికి నిశితమైన చూపు నడిమధ్య రెండు డిగ్రీల మేరే. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2 కంటి చూపుని పట్టుకుని అక్కడే శ్రద్ధగా గీస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. చేతుల్ని కెమెరాతో గుర్తుపట్టడం న్యూరల్ నెట్‌వర్క్‌ల పుణ్యం, క్వెస్ట్‌కి అది 2019 చివర్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గానే వచ్చింది. శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి ఆకారాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతులు ముందునుంచే ఉన్నాయి, వీఆర్ వాటికి పని కల్పించింది. ఆటలు కట్టడానికి యూనిటీ, అన్‌రియల్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్లు ఉండటం వల్ల ఇద్దరు ముగ్గురు కూర్చుని కూడా ఒక ప్రపంచం కట్టగలిగారు. 2019లో వచ్చిన ఓపెన్‌ఎక్స్ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం వల్ల ఒక్కో హెడ్‌సెట్‌కి వేరే కోడ్ రాసే బాధ తగ్గింది.

లెన్సుల గురించి మాత్రం ఇంకో మాట. రెండో తరంలో వాడిన ఫ్రెనెల్ లెన్స్ 1820ల్లో సముద్రతీర దీపస్తంభాల కోసం పుట్టింది. పలచగా తేలిగ్గా ఉంటుంది, కానీ మెట్లు మెట్లుగా ఉండటం వల్ల నల్లటి తెర మీద తెల్లటి అక్షరం వస్తే చుట్టూ వెలుగు చారలు కనిపిస్తాయి. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన పాన్‌కేక్ లెన్స్ వెలుగుని లోపలే ముందుకీ వెనక్కీ మడతపెట్టి దారిని కుదిస్తుంది, అందుకే 2023 నాటి క్వెస్ట్ 3 ముక్కు మీద అంత పలచగా కూర్చుంటుంది. మూల్యం వెలుగు. సగం వెలుగుని వదిలి సగాన్ని తిప్పికొట్టే అద్దాన్ని రెండుసార్లు తగలాలి, ప్రతిసారీ సగం పోతుంది కాబట్టి ఎంత బాగా చేసినా నాలుగోవంతు మించి కంటికి చేరదు. దాన్ని పూడ్చడానికి స్క్రీన్ మరింత వెలగాలి, వెలిగితే వేడి, వేడికి ఫ్యాను, ఫ్యానుకి బ్యాటరీ. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో రెండు కళ్లకీ కలిపి 2.3 కోట్ల పిక్సెల్స్, కెమెరాల డేటా కోసమే ఆర్1 అని వేరే చిప్, బయటి ప్రపంచాన్ని 12 మిల్లీసెకన్లలో కంటికి చేరుస్తుందని కంపెనీ చెబుతుంది. ఇన్ని చేశాక బ్యాటరీ తల మీద పట్టలేదు, తీగ కట్టి జేబులోకి పంపారు.

ఇక మీ కడుపు సంగతి. ఇప్పుడున్న మంచి హెడ్‌సెట్‌లో తల తిప్పినందుకు కడుపులో తిప్పదు, ఆ 20 మిల్లీసెకన్ల పోరు చాలావరకు గెలిచాం. మీరు రాసినదాంట్లో "స్టిక్ తోసి పరిగెత్తే ఆట" అని ఉంది చూడండి, దొంగ అక్కడున్నాడు. కళ్లు పరిగెడుతున్నామంటాయి, చెవిలోని బ్యాలెన్స్ అవయవం కుర్చీలో కదలకుండా ఉన్నామంటుంది. ఇక్కడ ఆలస్యం ఏమీ లేదు, అబద్ధమే ఉంది. దీన్ని ఏ చిప్పూ సరిచేయలేదు. ఆటల తయారీదార్లు పక్కదార్లు వెతికారు: ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతించడం (టెలిపోర్ట్), పరిగెత్తేటప్పుడు చుట్టూ అంచుల్ని నల్లగా మూసేయడం. అంచు చూపే కదలికని ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి రెండోది బాగా పనిచేస్తుంది.

ఇంకోటి, మీరు కళ్లు లాగుతున్నాయని కూడా రాశారు. హెడ్‌సెట్‌లో బొమ్మ ఎంత దగ్గర ఉన్నట్టు కనిపించినా, లెన్స్ దాన్ని ఒకటి రెండు మీటర్ల దూరంలో ఒకేచోట ఫోకస్‌లో పెడుతుంది. ముక్కు దగ్గరికి వస్తువు వస్తే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, కానీ కంటి లెన్స్ మాత్రం రెండు మీటర్లకే ఫోకస్ పెట్టాలి. పుట్టినప్పటి నుంచి కలిసి నడిచిన రెండు పనుల్ని విడదీస్తున్నాం. ఫోకస్ మారే హెడ్‌సెట్‌లు ల్యాబుల్లో నడుస్తున్నాయి, మన చేతికి ఇంకా రాలేదు. అందాకా వీఆర్‌లో అక్షరాలున్న దేన్నైనా చేయి చాచిన దూరానికి అవతలే పెట్టుకోండి.

ముందు చేయాల్సింది ఇది. కంటిపాపల మధ్య దూరం కొలిపించుకోండి, పెద్దవాళ్లలో సగటు 63 మిల్లీమీటర్లు, మీది 58 కావచ్చు, 70 కావచ్చు. హెడ్‌సెట్‌లో లెన్సుల దూరం దానికి సరిపెట్టండి. ఆటలో కదలికని టెలిపోర్ట్‌కి మార్చండి, తిరగడాన్ని ఒక్కో గెంతుకి 30 డిగ్రీలు పెట్టండి. తిప్పడం మొదలవగానే తీసేయండి, "ఇంకాస్త ఓర్చుకుందాం" వద్దు. ఓర్చుకుంటే అలవాటు కాదు, హెడ్‌సెట్ చూడగానే తిప్పడం అలవాటవుతుంది. ఇవన్నీ చేసినా నిలబడి తల తిప్పినంత మాత్రానికే తిప్పుతుంటే అప్పుడు మీ హెడ్‌సెట్ మోడల్, ఆట పేరు, ఫ్రేమ్ రేటు ఇక్కడే రాయండి. అది నా వైపు తప్పు, వెతుకుదాం.